"నేను మొద్దుని" అనే ఆరేండ్ల బిడ్డకు ఏం చెప్పాలె?

హన్మకొండ నుంచి అడిగిన అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. మీ పాపకు ఆరేండ్లు, ఒకటో తరగతి. రాసేటప్పుడు ఒక్క అక్షరం వంకర పోతే రబ్బరుతోని రుద్ది రుద్ది కాగితం చింపుతున్నది. తర్వాత పిడికిలితోని తన నెత్తి మీద తనే కొట్టుకుంటున్నది. "నేను మొద్దుని, నాకేం రాదు" అని ఏడుస్తున్నది. నువ్వు "లేదు బంగారం, నువ్వు మస్తు తెలివిగలదానివి" అంటే ఇంకెక్కువ ఏడుస్తున్నది. మీ ఆయన గారాబం ఎక్కువైందంటున్నడు. మీ అత్తమ్మ పట్టించుకోకు, పెద్దగైతే అదే పోతది అంటున్నది. బిడ్డ తన మీద తను ఇంత కఠినంగ ఎందుకున్నది, తనతోని తను మంచిగ ఉండుడు ఎట్ల నేర్పాలె అని అడిగినవు.

నేను మనసు డాక్టర్‌ను కాదు. ముప్పై ఒక్క ఏండ్లు వరంగల్ చుట్టుపక్కల సర్కారు బడులల్ల పాఠాలు చెప్పి రిటైరైన. అందుల సగానికి ఎక్కువ ఒకటి, రెండు తరగతులే. ఆరేండ్ల పిల్లలు ఏడ్చినన్ని తీర్లు నాకు తెలిసినంత మా ఊర్ల ఇంకెవరికీ తెల్వదని కొంచెం గర్వంగనే చెప్పుకుంట. మా అమ్మాయి ఈడు దానివని నువ్వు అంటున్న, ఏమనుకోకు.

ముందుగాల ఒక భయం తీసేస్త. ఆరేండ్ల పిల్లకు తన మీద తనకు కోపం వచ్చుడు వింత కాదు. ఏడాది పిల్ల ముక్కు మీద కొంచెం ఎర్రరంగు పెట్టి అద్దం ముందు నిలబెడితే, అద్దంల ఉన్నది ఇంకో పిల్ల అనుకుంటది. రెండేండ్లు వచ్చేసరికి చాలామంది సొంత ముక్కు తడుముకుంటరు. "అది నేనే" అని తెలిసినంక గాని సిగ్గు, నామోషీ, "నేను తప్పు చేసిన" అనేటివి మొదలుకావు. ఇక బడికి వచ్చినంక పక్క పిల్ల పలకల తొంగి చూసుడు షురువైతది. అంగన్‌వాడీల ఎవరిని అడిగినా నేనే అందరికంటె జోరుగ ఉరుకుత అంటరు. ఒకటో తరగతి సగానికి వచ్చేసరికి ఎవరి రాత గుండ్రంగున్నదో క్లాసుల ప్రతి పిల్లకూ తెలుసు. మీ పాప ఆ మలుపు కాడ ఉన్నది. ఇందుల నీ తప్పేం లేదు.

కాని "మొద్దు" అనే మాట సంగతి వేరే. ఆ మాట పాప పుట్టించింది కాదు, ఎక్కడో విన్నది. బడిల కావచ్చు, ట్యూషన్‌ల కావచ్చు, ఆటోల పెద్దపిల్లలు కావచ్చు, ఇంట్ల నవ్వులాటకు కావచ్చు. తననే అనాల్సిన పని కూడ లేదు, పక్క పిల్లగాన్ని అంటుంటె విన్నా చాలు. ఎవరన్నరని పాపను పట్టుకొని పోలీసోళ్ళ తీరుగ అడగకు. అడిగితే ఆ మాట ఇంక పెద్దగైతది.

పిల్లలు రాసేటప్పుడు, ఆడేటప్పుడు పైకి మాట్లాడుకుంటరు, చూసినవా? "ఇది ఇటు పెట్టాలె, ఇది పడిపోయింది, మళ్ళ పెడత" అనుకుంట. పియాజే అనే స్విట్జర్లాండ్ పండితుడు దీన్ని ఇంకా ఎదగని మాట అనుకున్నడు, పెద్దయినకొద్దీ రాలిపోతదన్నడు. వైగోట్‌స్కీ అని రష్యా ఆయన (ముప్పై ఏడేండ్లకే, 1934ల పోయిండు) వేరే తీరుగ చెప్పిండు. ఆ మాట రాలిపోదు, లోపలికి పోతది అన్నడు. మొదలు పెద్దవాళ్ళు పిల్లతోని అంటరు. తర్వాత పిల్ల అదే మాట తనతోని తను పైకి అనుకుంటది. ఆఖరుకు పెదవి కదలకుంట లోపల అనుకుంటది. మనం పెద్దోళ్ళం మనసుల మాట్లాడుకునేదంత ఇట్ల వచ్చిందేనట.

టీచర్ ట్రైనింగ్‌ల ఇది చదివినప్పుడు పరీక్షకోసం చదివిన. అర్థమైంది మాత్రం ఒక పిల్లగానితోని. తల్లిదండ్రులు మహారాష్ట్రల భీవండికి మగ్గాల పనికి పోతే నాయినమ్మ దగ్గర ఉండేటోడు. పలక మీద "ఈ" రాసుకుంట, "ఆగాగు... ఇంగో ఇక్కడ తిప్పాలె... మెల్లగ రా బిడ్డా, ఉరుకుడేం లేదు" అని అనుకుంటున్నడు. గొంతు కూడ ముసలమ్మ గొంతే. ఆరేండ్ల పోరడు తనను తను "బిడ్డా" అని పిల్సుకుంటున్నడు! అదే బెంచి మీద ఇంకో పిల్ల, మంచి తెలివిగల్లదే, ఒక్క గీత పక్కకు పోతే "ఛీ, కండ్లు నెత్తికెక్కినయా" అని పలకను తుడిచేస్తుండె. ఎవరి ఇంట్ల ఏం మాట నడుస్తదో నేను పోయి చూడాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు నీకు కొంచెం ఇబ్బందైన మాట చెప్పాలె. ముందు నా ముచ్చట చెప్త, అప్పుడు ఇద్దరం సమానమైతం. మా అమ్మాయికి ఐదేండ్లప్పుడు ఒకనాడు పొద్దున పాలు పొంగిపోయినయి. బడికి ఆలస్యమైతున్నది. నేను అరచేతితోని నుదురు టప్పున కొట్టుకొని "నా మొకానికి ఇంత మతి లేదు" అన్న. రోజూ చేసేదే, పట్టించుకోలె. వారం తిరగకముందే పిల్ల నీళ్ళ గ్లాసు ఒంపుకొని, చిన్న అరచేయి ఎత్తి, సరిగ్గ నా లెక్కనే నుదురు కొట్టుకొని, "నా మొకానికి" అన్నది. మా ఆయన నవ్విండు. నాకు నవ్వు రాలె.

మన ఇండ్లల్ల నెత్తి కొట్టుకునుడు ఎంత మామూలో ఆలోచించు. కూరల ఉప్పు ఎక్కువైతే కొట్టుకుంటం, తాళంచెవి మర్చిపోతే కొట్టుకుంటం, "నా ఖర్మ" అంటే చెయ్యి తనంతట తనే నుదుటికి పోతది. మనకు అది ఊతపదం లెక్క, దెబ్బ తగలదు. చూసే పిల్లకు మాత్రం అది పాఠం: తప్పు చేస్తే నెత్తి మీద కొట్టుకోవాలె. మీ పాప పిడికిలి ఎక్కడినుంచి వచ్చిందో నేను చెప్పలేను, మీ ఇంట్ల నేను లేను. రెండు దినాలు నిన్ను నువ్వు గమనించుకో. మీ ఆయనను, అత్తమ్మను కూడ చూడు, కాని చూస్తున్నట్టు చెప్పకు.

నీకు దీని విరుగుడు కూడ అక్కడనే దొరుకుతది. రేపు పొద్దున పాలు పొంగితే, పాప వినేటట్టు, మామూలు గొంతుతోని, "అరె, పొంగినయి. పొయ్యి మీద పెట్టి అటు పోయిన. తుడుస్త" అను. అంతే. నాటకం లెక్క చేయకు, పిల్లలు పట్టేస్తరు. అద్దం ముందు "ఛీ ఎంత లావైన" అనే మాట, "నాకు లెక్కలు ఎప్పుడూ రావు" అనే మాట, "నేను దేనికీ పనికిరాను" అనే మాట నీ నోట్ల ఉంటే కొంచెం బిగబట్టు. పాపకు చెప్పే వంద నీతుల కంటే ఇది ఎక్కువ పని చేస్తది. కష్టం కూడ ఇదే ఎక్కువ. నాకైతే రెండేండ్లు పట్టింది.

ఇక "నువ్వు మస్తు తెలివిగలదానివి" అన్న కొద్దీ ఎందుకు ఏడుస్తున్నదంటె, పాప ముందు వంకర అక్షరం ఉన్నది. కండ్లకు కనబడుతున్నది. అమ్మేమో తెలివి అంటున్నది. రెండూ పొసగవు. అయితే అమ్మ అబద్ధం చెప్తున్నది, లేకుంటె అమ్మకు నా బాధ తెల్వదు. రెండిట్ల ఏదైనా పిల్ల ఒంటరిదైతది. 1998ల అమెరికాల క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అని ఇద్దరు ఐదో తరగతి పిల్లల మీద ప్రయోగం చేసిండ్రు. పజిల్స్ లాంటి లెక్కలిచ్చి, చేసినంక కొందరిని "నువ్వు తెలివిగలోనివి" అని మెచ్చుకున్నరు, కొందరిని "బాగ కష్టపడ్డవు" అని మెచ్చుకున్నరు. తర్వాత మస్తు కష్టమైనవి ఇచ్చిండ్రు, అందరూ తప్పిండ్రు. మళ్ళ మొదటి లాంటివే ఇస్తే, తెలివిగలోళ్ళు అనిపించుకున్న పిల్లలు మొదటికంటె తక్కువ చేసిండ్రు. మార్కులు ఎన్ని వచ్చినయో రాయమంటె వాళ్ళల్ల పదిల నలుగురి దాక ఎక్కువ చేసి రాసుకున్నరు కూడ. తెలివి అనే బిరుదు ఇచ్చినంక దాన్ని కాపాడుకునే భారం పిల్ల మీద పడ్డది.

నెదర్లాండ్స్‌ల ఇంకోటి చేసిండ్రు, 2019 చివర్ల బయటికొచ్చింది. "నాకేం రాదు" అనుకునే పిల్లలను లెక్కల పరీక్ష మధ్యల ఆపి, కొందరిని మనసుల "నాకు ఇది బాగ వస్తది" అనుకొమ్మన్నరు, కొందరిని "నాకు చేతనైనంత చేస్త" అనుకొమ్మన్నరు. రెండో మాట అనుకున్నోళ్ళకే పరీక్ష మెరుగైంది. మొదటి మాట వాళ్ళకు అక్కరకు రాలె. ఆ పిల్లలు మీ పాప కంటె పెద్దోళ్ళు, తొమ్మిది దాటినోళ్ళు. అయినా సంగతి ఒక్కటే: నమ్మలేని పొగడ్త పిల్ల చెవి దాక పోతది గాని లోపలికి పోదు.

మరి ఏం చెప్పాలె? ఇక్కడ మా అవ్వ దగ్గరికి పోవాలె. సంక్రాంతికి వారం ముందు మా ఇంట్ల సకినాలు పోసుడు ఉండేది. బియ్యం నానబోసి, గిర్నిల పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లబట్ట పరిచి వాడకట్టు ఆడోళ్ళందరూ చుట్టూ కూసునేటోళ్ళు. పెద్దోళ్ళ వేళ్ళ నుంచి పిండి దారం లెక్క జారి, చుట్టు మీద చుట్టు తిరిగేది. నాకు ఆరో ఏడో ఏండ్లు. నా పిండి మాటిమాటికి తెగిపోతుండె. ఒక దిక్కు లావు, ఒక దిక్కు సన్నం. నాకు ఏడుపొచ్చి పిండిని ముద్ద చేసి బట్ట మీద కొట్టిన. మా అవ్వ తల ఎత్తకుంటనే అన్నది: "తెగిందా? తెగుతది. వేలికి నీళ్ళు అద్దుకో, అతికియ్యి."

ఆ మాటల మూడు ముక్కలున్నయి. నేను టీచర్‌నైనంక ఎన్ని వందల సార్లు వాడుకున్ననో లెక్కలేదు. "తెగిందా" అంటే జరిగింది చూసింది, దాచలేదు, పెద్దగ చేయలేదు. "తెగుతది" అంటే నీకొక్కదానికే కాదు, పిండి అన్నంక తెగుతది, అందరికీ తెగుతది. "నీళ్ళు అద్దుకో" అంటే ఇప్పుడు చేయాల్సిన పని. నీ సకినం సూపర్ ఉన్నదని అవ్వ అనలేదు, ఎందుకంటె లేదు. ఇట్ల పోస్తరా అని కూడ అనలేదు. నా వంకర సకినాలు కూడ అందరివాటితోనే నూనెల పడ్డయి, అదే డబ్బల పోసిండ్రు. తినేటప్పుడు ఏది ఎవరిదో ఎవరడుగుతరు?

చానా ఏండ్లకు నాకు తెలిసింది, టెక్సాస్ విశ్వవిద్యాలయంల క్రిస్టిన్ నెఫ్ అనే ప్రొఫెసర్ 2003ల ఇదే సంగతి మీద వ్యాసాలు రాసి, తన మీద తనకు దయ అంటే మూడు భాగాలని చెప్పిందట. బాధను ఉన్నది ఉన్నట్టు చూసుడు, ఇది అందరికీ అయ్యేదే అని తెలుసుకునుడు, తనతోని తను మెత్తగ ఉండుడు. ఆమె దాన్ని బౌద్ధుల ధ్యానం నుంచి తెచ్చుకున్నది. మా అవ్వకు బుద్ధుడు తెల్వదు, టెక్సాస్ అసలే తెల్వదు.

దీనికి తెలుగుల ఒక్క మాట చెప్పుమంటె పుస్తకాలోళ్ళు "స్వీయ కరుణ" అంటరు. నాకు ఆ మాట నోట్ల తిరగదు. "తన మీద తనకు జాలి" అంటే అర్థమే వేరైతది, అది మూలకు కూసొని ఏడ్చుడు. మన దిక్కు "కడుపుల పెట్టుకునుడు" అంటం చూడు, "ఎన్ని తప్పులు చేసినా కడుపుల పెట్టుకొని సాదింది" అని. అదే మాట. మనం పిల్లను కడుపుల పెట్టుకున్న తీరుగనే పిల్ల తనను తను పెట్టుకోవాలె.

మన పెద్దల పద్ధతి అంత మంచిదే అని మాత్రం అనను. పిల్ల ఉరుకుకుంట పోయి దర్వాజ తాకితే ఏం చేస్తం? దర్వాజను కొడ్తం. "నా బిడ్డను కొడ్తవా" అని రెండు దెబ్బలు వేస్తం, పిల్ల నవ్వుతది. చూడ ముద్దుగనే ఉంటది. కాని నొప్పి అయితే ఎవరో ఒకర్ని కొట్టాలె అని నేర్పినట్టే కదా. దర్వాజ దొరకనినాడు పిల్ల ఎవరిని కొడ్తది? తననే. దానికంటె తాకిన కాడ "ఉఫ్" అని ఊదుడు వంద రెట్లు మేలు.

ఇప్పుడు పాప రాస్తున్నది, అక్షరం పోయింది, పిడికిలి లేచింది అనుకో. అప్పుడు మాటలు పని చేయవు. ఏడుపు గొంతు దాక వచ్చిన పిల్లకు చెవులు వినబడవని నా అనుభవం. పక్కన కిందనే కూసో. లేచిన పిడికిలిని నీ రెండు చేతులల్ల పట్టుకో, గట్టిగ కాదు, పిట్టపిల్లను పట్టుకున్నట్టు. "కొట్టుకోనియ్య, నొస్తది" అని ఒక్క మాట. "కొట్టుకోకు" అని అరిస్తే అదింకో తిట్టైతది. ఊపిరి నిమ్మళమైన దాక ఏం అనకు. మంచినీళ్ళు తాగిపియ్యి. తర్వాత అవ్వ మాట: "వంకర పోయిందా? పోతది. పక్కన ఇంకోటి రాయి." అప్పుడు రాయనంటె వదిలెయ్యి, తెల్లారి రాస్తది. "నేను మొద్దుని" అంటే "కాదు" అని వాదానికి దిగకు. "అట్ల అనిపిస్తున్నదా? ‘మ’ రాయబోతే ‘య’ అయినప్పుడు మస్తు కోపమొస్తది" అను. పిల్ల గుర్తుపట్టేది నువ్వు ఇచ్చిన సమాధానాన్ని కాదు, తనకు ఎట్లున్నదో అమ్మకు తెలిసింది అనేదాన్ని.

ఇదంత ఏడుపు టైములనే నేర్పలేం. మామూలు వేళ ఆటల నేర్పాలె. పిల్లలకు తమ మీద దయ చూపే ముందు ఇంకొకరి మీద చూపుడు వస్తది. క్లాసుల నేనొక బట్టబొమ్మను పెట్టుకునేదాన్ని, పాత చీరె ముక్కతోని కుట్టిన. బొమ్మ కూడ పలక మీద రాసేది, నా చేతితోని, కావాలని తప్పు రాసేది. "ఇది ఏడుస్తున్నది, నువ్వేమంటవు?" అని అడిగితే, మొదటి వారం ఇద్దరు పిల్లలు బొమ్మను చెంప మీద కొట్టిండ్రు. నిజంగ. వాళ్ళను ఏమనలేదు. మూడో వారానికి ఒక పోరడు బొమ్మను ఒళ్ళె కూసోబెట్టుకొని "నాకు గూడ రాకుండె, మొన్ననే వచ్చింది" అని చెప్తున్నడు. మీ ఇంట్ల ఏ టెడ్డీ ఉన్నా నడుస్తది. పాప బొమ్మకు చెప్పిన మాటను నువ్వు గుర్తుపెట్టుకో. తర్వాత తను ఏడ్చినప్పుడు, "మొన్న బొమ్మకు ఏమన్నవు?" అని అడుగు. చాలామంది పిల్లలు సిగ్గుపడుకుంట నవ్వుతరు.

మీ ఆయన గారాబం అన్న ముచ్చటకు వస్త. ఆయన భయంల అర్థమున్నది, కొట్టిపారేయకు. ఇట్ల మెత్తగ చెప్పుకుంట పోతే పిల్ల బద్ధకస్తురాలు అయితదని చాలామంది తండ్రులు, నిజం చెప్పాల్నంటె చాలామంది టీచర్లు కూడ అనుకుంటరు. 2012ల కాలిఫోర్నియా బర్క్‌లీ విశ్వవిద్యాలయంల కాలేజీ పిల్లల మీద చూసిండ్రు. కష్టమైన పరీక్షల తప్పినంక, "ఇది అందరికీ కష్టమే, నిన్ను నువ్వు తిట్టుకోకు" అనే ధోరణిల మాట విన్నోళ్ళు, మళ్ళ పరీక్షకు ముందు ఎక్కువసేపు చదివిండ్రు. అది పెద్దపిల్లల సంగతి. చిన్నపిల్లలల్ల నేను చూసింది చెప్త: తనను తను తిట్టుకునే పిల్ల కష్టపడదు, తప్పించుకుంటది. కడుపునొప్పి అంటది, పుస్తకం దాస్తది, పక్క పలకల చూసి రాస్తది. తిట్టు అంత పని చేసేదైతే మా కాలపు బడులల్ల అందరూ కలెక్టర్లు కావాల్సి ఉండె.

గారాబం అంటే వేరే. పాప పాలు ఒంపితే నువ్వు తుడిచి "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటే అది గారాబం. పాప చేతికి బట్ట ఇచ్చి, నువ్వు కూడ పక్కన కూసొని, ఇద్దరూ తుడిస్తే అది కాదు. తమ్మున్ని గిచ్చితే "తమ్మునికి నొచ్చింది. ఏం చేద్దాం?" అనాలె, వాడి దగ్గరికి పోయి ఊదాలె. "నేను చెడ్డపిల్లను" అని మూల కూసొని ఏడ్వనియ్యకు. ఆ ఏడుపుల తమ్ముడు మర్చిపోయి తనే మిగులుతది. చేసిన పని తప్పు, దాన్ని సరిదిద్దొచ్చు. పిల్లే తప్పు అంటే సరిదిద్దేతందుకు ఏం మిగులుతది?

ఇక రాత సంగతి, ఇది మనసు కంటె చేతికి సంబంధించింది. తెలుగు అక్షరాలల్ల గీతల కంటె గుండ్రాలెక్కువ, ఆరేండ్ల వేళ్ళకు అది చిన్న పని కాదు. మ-య, ప-ష, ఘ-ఝ పెద్దోళ్ళే తికమక పడతరు. నోట్‌బుక్కు, పెన్సిలు కొన్నాళ్ళు పక్కన పెట్టి పలక, బలపం ఇయ్యి. పలక మీద తప్పు ఒక్క తుడుపుతోని పోతది, కాగితం చిరగదు, నిన్నటి తప్పు రేపు కనబడది. ముగ్గుపిండితోని వాకిట్ల రాపియ్యి, పిండి పిసుకనియ్యి, చిక్కుడుకాయ ఈనెలు తీపియ్యి, వేళ్ళకు బలం వస్తది. హోంవర్కు నోట్‌బుక్కుల తప్పు పోతే రబ్బరు వద్దు, ఒక్క సన్నగీత కొట్టి పక్కన రాయుమను. ముందుగాల టీచరమ్మకు ఈ సంగతి చెప్పి రా, లేకుంటె అక్కడ ఎర్రపెన్ను పడ్తది. కండ్లు కూడ ఒకసారి చూపియ్యి. బోర్డు సరిగ్గ కనబడక తప్పులు రాసి, మొద్దులమనుకున్న పిల్లలు ప్రతి బ్యాచిల ఒకరిద్దరు ఉండేటోళ్ళు.

బడిల ఎవరన్న "మొద్దు" అంటున్నరని తేలితే గొడవతోని మొదలుపెట్టకు. నలభై మందిని ఒక్క గదిల కూసోబెట్టుకున్న మనిషి నోరు జారుడు నాకు తెలుసు, నేనూ జారిన. ఒక్కదానివే పోయి, "పాప ఇంట్ల ఈ మాట అనుకుంట తలకు కొట్టుకుంటున్నది, ఏం చేద్దాం మేడం" అని సలహా అడుగు. పదిల ఎనిమిది మంది టీచర్లు అక్కడనే కరిగిపోతరు. మిగిలిన ఇద్దరి కోసం చట్టం ఉన్నది: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టుడే కాదు, మానసికంగ వేధించుడు కూడ నిషేధమంటది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్ల ఉన్నది. ఈ మాట చివరికి వాడుకో.

కొన్ని గుర్తులుంటె మాత్రం నా లాంటోళ్ళ మాటతోని ఆగకు. తల కొట్టుకునుడు రోజూ ఉండి, వాపులు, గాయాలు అయితున్నయా, రాత లేనప్పుడు కూడ కొట్టుకుంటున్నదా, నిద్ర, తిండి తగ్గినయా, బడి పేరెత్తితే కడుపునొప్పో, వాంతులో వస్తున్నయా, ఇంతకుముందు వచ్చిన మాటలు, పనులు మర్చిపోతున్నదా, "నేను లేకుంటె మంచిది", "చచ్చిపోత" అనే మాట ఒక్కసారన్న వచ్చిందా, ఎవరన్నా కొడుతున్నరని అనుమానమున్నదా అని చూడు. ఇందుల ఏదున్నా పిల్లల డాక్టర్‌కు చూపియ్యి. వరంగల్ ఎంజీఎం సర్కారు ఆసుపత్రిల మానసిక వైద్యం కూడ ఉన్నది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు ఏ వేళనైనా తెలుగుల మాట్లాడుతరు, పైసలు పెట్టేది లేదు. పిల్లను ఎవరన్నా హింసిస్తున్నరంటె పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చెయ్యి. రెండు మూడో తరగతికి వచ్చినంక కూడ అక్షరాలు కలిసిపోతుంటె, అది మొద్దుతనం కాదు, నేర్చుకునుడుల ఇబ్బందేమన్న ఉన్నదా అని డాక్టర్‌తోని పరీక్ష చేపిచ్చేది ఉంటది.

ఎన్ని దినాలు పడ్తదని అడుగుతవు. పిడికిలి ఆగుడు నేను చూసినంతల మూడు నాలుగు వారాలల్ల తగ్గుతది. లోపలి మాట మారుడు మెల్లగ అయితది, మధ్యల పరీక్షలొస్తే మళ్ళ మొదటికొస్తది, పరేషాన్ కాకు. మారుతున్నదో లేదో పాపను అడిగితే తెల్వదు. బొమ్మలతోని ఒక్కతే ఆడుకునేటప్పుడు దర్వాజ అవతల నిలబడి విను. బొమ్మను తిడుతున్నదా, సముదాయిస్తున్నదా? నాకు అన్నిటికంటె పక్కా లెక్క అదే.

మీ అత్తమ్మకు ఈ పియాజేలు, నెఫ్‌లు చెప్పకు. "పెద్దగైతే అదే పోతది" అన్న మాట పట్టుకొని వాదించకు. ఆమెకు సకినాలు పోయొస్తది కదా, సంక్రాంతి దాక ఆగుడెందుకు? ఈ ఐతారం రెండు గిద్దెల పిండి కలుపుమను. పాపను, నిన్ను ఇద్దర్నీ పక్కపక్కన కూసోబెట్టుకొని నేర్పుమను. నీకు సకినాలు పోయరాదంటె ఇంకా మంచిది. నీ పిండి తెగుతుంటె పాప చూడనీ.